ముందు నీటి దారి గియ్యి

జంగారెడ్డిగూడెం,
వైశాఖ మాసం.

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన క్వారీ ప్లాను, సర్వే పటం రెండూ అందాయి. తీరిగ్గా చూశాను. మొదటి ఉద్యోగంలోనే ఇంత పని నీ చేతికి ఇచ్చారంటే మీ అమ్మ ఎంత మురిసిపోయి ఉంటుందో నాకు తెలుసు. నాకూ అంతే సంతోషం. అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

రాయి గురించి నీకు చెప్పగలవాణ్ణి కాను. బెంచీలు, డ్రిల్లింగు, బ్లాస్టింగు లెక్కలు నువ్వు చదువుకున్నవి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇరిగేషన్‌లోనే ఉన్నాను. కట్టలు, తూములు, అలుగులు, పూడిక, ఇవే నా లోకం. ఆ కంటితో చూస్తే నీ పటంలో ఒక్క లోపం పెద్దగా కనబడింది. ముందు గొయ్యి గీశావు, తర్వాత క్రషరు పెట్టావు, ఆ తర్వాత డంపు, రోడ్లు. అన్నీ అయ్యాక మిగిలిన ఖాళీలో ఓ మూలకి కాలువ, చిన్న కొలను ఇరికించావు. ఈ వరస తిరగెయ్యి. ముందు నీళ్ళు ఎటు వస్తాయి, ఎటు పోతాయి అన్నది గియ్యి. రెండోది, పై మట్టి ఎక్కడ దాస్తావో గియ్యి. మూడోది, రాయి అంతా అయిపోయాక ఆ నేల ఎలా ఉండాలో గియ్యి. గొయ్యి ఆ మూడింటి మధ్య దొరికిన జాగాలో కూర్చోవాలి.

ఎందుకింత పట్టు పడుతున్నానంటే, నీ క్వారీ ఉన్న కొండవాలు నీళ్ళు దిగేది ఎర్రకాలువలోకి. నువ్వు భీమవరంలో పెరిగినదానివి కాబట్టి ఇది నీకు త్వరగా పడుతుంది. ఎర్రకాలువ మన మెట్టలో కొంగువారిగూడెం దగ్గర రిజర్వాయరులో ఆగి, నల్లజర్ల, నిడదవోలు మీదుగా డెల్టాలోకి దిగుతుంది. నందమూరు అక్విడెక్టు దగ్గర ఏలూరు కాలువని దాటి యనమదుర్రు డ్రెయిన్ అయి, మీ ఊరి పక్కనుంచే సముద్రానికి పోతుంది. వాన గట్టిగా పడినప్పుడల్లా నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు వరి చేలు ఎందుకు మునుగుతాయో అక్కడి రైతుని అడుగు. పైనుంచి వచ్చే నీరు ఎక్కువ, కింద డ్రెయిన్లో పూడిక ఎక్కువ అంటాడు. ఆ పూడిక ఎక్కడో ఒకచోట కొండ మీద బయల్దేరిందే. ఒక్క క్వారీ మట్టితో డెల్టా మునగదు, నిజమే. కానీ మెట్టంతా గుంతలు, రోడ్లు, ప్లాట్లు పడుతున్నప్పుడు నీ వంతు మట్టిని నువ్వు ఆపడం నీ చేతిలో పని.

క్వారీలో రెండు రకాల నీళ్ళుంటాయని గుర్తుపెట్టుకో. కొండ పైనుంచి దిగే నీరు ఒకటి, లీజు లోపల పడే వాన ఒకటి. మొదటిది శుభ్రమైన నీరు. దాన్ని క్వారీ లోపలికి రానివ్వకుండా చుట్టు కాలువతో, అదే మీరు గార్లండ్ డ్రెయిన్ అనేదానితో, పక్కనుంచి తిప్పి మళ్ళీ వాగులో కలపాలి. రెండోది బురద నీరు. అది తేరుకోకుండా బయటికి పోకూడదు. ఈ రెండూ కలిశాయా, శుభ్రమైన నీరంతా బురదే, నువ్వు తేర్చాల్సిన నీరు రెండింతలు, మూడింతలు. ఖర్చూ అంతే.

నీ పటంలో కాంటూర్లు లీజు గీత దగ్గర ఆగిపోయాయి. నీరు ఆ గీత దగ్గర ఆగదు కదమ్మా. పైన నీటి చీలిక వరకూ సర్వే చెయ్యి. ఉదాహరణకి పైన అయిదు హెక్టార్ల తుప్పల నేల ఉందనుకో. గంటకి 60 మిల్లీమీటర్ల జోరు వాన పడితే, సగం నేలలోకి ఇంకినా సెకనుకి 400 లీటర్లు దాటి నీ చుట్టు కాలువలోకి వస్తుంది. అడుగున రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఒకటికి ఒకటి వాలు గట్లు ఉన్న కాలువ దాన్ని మోస్తుంది. కానీ వేగం చూసుకో. మన గరప నేలలో సెకనుకి ముప్పావు మీటరు దాటితే కాలువే కోసుకుపోతుంది. వాలు ఎక్కువున్న చోట రాతి మెట్లు కట్టి నీటిని అంచెలంచెలుగా దించు. రాయికి నీకు కొదవేముంది? లీజు హద్దు వెంబడి వదలమని చెప్పే 7.5 మీటర్ల పట్టీ ఈ కాలువకీ, దాని గట్టు మీద చెట్లకీ సరైన చోటు. చాలాచోట్ల ఆ పట్టీని కాగితం మీద వదిలి నేల మీద తవ్వేస్తారు. నువ్వు మాత్రం మొదటి వారంలోనే ఆ కాలువ తవ్వించి, మొక్కలు నాటించు. చెట్లు లేచాక అక్కడ పొక్లెయిన్ పెట్టమనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక లోపలి నీరు. లీజు నాలుగు హెక్టార్లు, అంటే పదెకరాలకి కాస్త తక్కువ. అందులో సుమారు సగం గొయ్యి, సగం క్రషరు యార్డు, డంపు, రోడ్లు. గొయ్యిలో పడిన వాన గొయ్యిలోనే ఉంటుంది, అది మేలే. వాతావరణ శాఖ ఒక రోజులో 204.5 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం అంటుంది. అంత వాన రెండు హెక్టార్ల గొయ్యిలో పడితే నాలుగు వేల ఘనపు మీటర్ల పైన, అంటే నలభై లక్షల లీటర్ల నీరు. అడుగు బెంచీని ఒక మూలకి వాలు పెట్టి సంపు తవ్వితే మిగతా అడుగు ఆరుతుంది, మెషీన్లు తిరుగుతాయి. వాన వెలవగానే డీజిల్ పంపు పెట్టి ఎర్రటి నీళ్ళు వాగులోకి తోడెయ్యాలని మేస్త్రీలు తొందరపడతారు. నువ్వు ఒప్పుకోవద్దు. రెండు మూడు రోజులు తేరనిచ్చి, పంపు గొట్టం అడుక్కి కాకుండా పైనీటిలో తేలేలా కట్టించి, అప్పుడు తోడించు. బయటి వాగులోకి వదిలే నీటిలో తేలాడే మట్టి లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రభుత్వ ప్రమాణం.

అసలు కష్టం యార్డు దగ్గర. అక్కడ నీరు నిలవదు, పారుతుంది. డస్టు గుట్టలు, టిప్పర్లు నలిపిన దారులు, అన్నీ కడుక్కుంటూ పోతుంది. గంటకి 60 మిల్లీమీటర్ల అదే జోరు వానకి రెండు హెక్టార్ల గట్టి నేల నుంచి సెకనుకి సుమారు 270 లీటర్లు వస్తాయి. దాన్ని పట్టడానికి నువ్వు గీసిన కొలను మూడు సెంట్లు కూడా లేదు, లోతు మాత్రం నాలుగు మీటర్లు చూపించావు. చాలామంది చేసేదే ఇది. కొలను లోతు ఎంతైనా మట్టి రేణువు కిందికి దిగే వేగం మారదు. నీరు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేలోగా రేణువు అడుక్కి చేరాలంటే కావలసింది పైవైశాల్యం. లోతు పూడిక దాచుకోవడానికి పనికొస్తుంది, అంతే. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉన్న ఒండ్రు రేణువు నిలకడ నీటిలో సెకనుకి మిల్లీమీటరులో మూడో వంతుకి కాస్త పైన దిగుతుంది. 270 లీటర్ల ప్రవాహాన్ని ఆ వేగంతో భాగించు. 740 చదరపు మీటర్లు, అంటే 18 సెంట్లు వస్తుంది. నీరు ఎప్పుడూ నిలకడగా ఉండదు కాబట్టి దానికి రెట్టింపు పెట్టు. వెడల్పు కంటే పొడుగు అయిదారింతలు ఉండాలి. నీరు వచ్చే చోటూ పోయే చోటూ ఎదురెదురు చివర్లలో ఉండాలి, లేకపోతే నీరు అడ్డదారిన పారిపోతుంది.

ఇప్పుడు బంకమట్టి సంగతి చూడు. దాని రేణువు ఒండ్రు రేణువులో పదో వంతు ఉందనుకుంటే, దిగే వేగం నూరో వంతు. అదే లెక్కన కొలను పద్దెనిమిది ఎకరాలు కావాలి. లీజే పదెకరాలు! మన ఎర్ర నేలలో బంక ఉంది కాబట్టి ఏ కొలనూ దాన్ని పూర్తిగా పట్టదు. అందుకని మట్టిని నీటిలో కలవకముందే ఆపాలి. దీన్నే నువ్వు ప్లానులో మొదటి పేజీలో రాయాలని నా కోరిక. డస్టు గుట్టలు వాలుకి పైభాగాన పెట్టించు, కింద రాళ్ళ అడ్డుకట్ట వేయించు. దారులకి మెటల్ పరిపించు. తవ్వకం మొదలుకాని భాగంలో ఒక్క తుప్ప కూడా పీకనివ్వకు. ఈ ఏడాది రాయి తీసే మేరకే నేల విప్పాలి. మొత్తం లీజు ఒకేసారి గొరిగించి గ్రావెల్ అమ్ముకోవాలని ఒత్తిడి వస్తుంది. నువ్వు గట్టిగా నిలబడాల్సింది అక్కడే.

ఏ కొలను కట్టినా, ఏ కట్ట వేసినా అలుగు లేకుండా వెయ్యకు. మట్టి కట్ట పైనుంచి నీరు పొర్లితే దాన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. 2024 జూలైలో అశ్వారావుపేట దగ్గర పెదవాగు కట్టకి గండి పడి వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో ఊళ్ళు ఎలా మునిగాయో మనకి తెలుసు. నీ కొలను దానితో పోలిస్తే ఎంతో చిన్నది. కానీ కట్ట కింద పొలం ఉన్న రైతుకి అదేమీ చిన్నది కాదు. గట్టి నేల మీద, రాతి పిచింగుతో, కట్ట కంటే కనీసం రెండడుగులు తక్కువలో అలుగు పెట్టు.

పై మట్టి గురించి ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. గట్టి రాయి మీద మన వైపు మొదటి జానెడు, మూరెడు మట్టే ప్రాణం ఉన్నది. అందులో గింజలున్నాయి, వేళ్ళున్నాయి, కంటికి కనబడని జీవాలున్నాయి. దాని కింది గ్రావెల్లో అవి ఉండవు. రెండూ కలిపి ఒకే గుట్టగా పోస్తే పదేళ్ళ తర్వాత నీకు పరవడానికి మిగిలేది చచ్చిన మన్ను. కాబట్టి పై మట్టిని విడిగా గీయించు, వాన తడి మీద ముట్టుకోనివ్వకు, విడిగా పోయించు. గుట్ట ఎత్తు ఒకటిన్నర, రెండు మీటర్లు దాటితే లోపల గాలాడక మట్టి చచ్చిపోతుంది. పోసిన వెంటనే జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లించు. పచ్చిరొట్ట ఎరువుకని మన రైతులు చల్లేవే. మట్టిని కోసుకుపోనివ్వవు, నత్రజని కూడా పెడతాయి. ఇంకా మంచి పని ఏమిటంటే దాచనే దాచకుండా ఉండటం. ఈ ఏడాది విప్పిన మట్టిని, నిరుడు తవ్వకం ముగిసిన బెంచీ మీద వెంటనే పరిపించు. అందుకే తవ్వకాన్ని పైనుంచి కిందికి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి, ముగించుకుంటూ పోయేలా గియ్యి. నాలుగు పక్కలా కెలికి ఏదీ ముగించని క్వారీలో పునరుద్ధరణ ఎన్నటికీ మొదలుకాదు. లీజు అయిపోయిన రోజుకి యంత్రాలు వెళ్ళిపోతాయి, డబ్బు వెళ్ళిపోతుంది, బాధ్యుడు కూడా వెళ్ళిపోతాడు.

మిగిలిపోయే బెంచీల సంగతి. 1961 నాటి మెటలిఫెరస్ మైన్స్ నిబంధనల్లో గట్టి రాతికి చెప్పిన ఆరు మీటర్ల ఎత్తుని చివరి బెంచీలకైనా తప్పక పాటించు. ప్రతి బెంచీనీ కాస్త కొండ వైపుకి వాలేలా వదులు. అప్పుడు వాన నీరు అంచు మీంచి దూకకుండా వెనక్కి చేరి, మెల్లగా పక్కకి నడిచి, రాళ్ళు పరిచిన దిగుడు కాలువలో పడుతుంది. బెంచీ మీద నీ పై మట్టి, అందులో చెట్లు. వేస్టు డంపు వాలు రెండుకి ఒకటి కంటే నిటారుగా ఉంచకు. మధ్యలో మెట్టు, ఆ మెట్టు మీద వట్టివేరు వరసలు, అడుగున రాతి గోడ. ఇవి చెరువు కట్టకి మేం చేసేవే.

చెట్లు ఏవి నాటాలని అడిగావు. కెన్యాలో మొంబాసా దగ్గర బంబూరి సిమెంటు కంపెనీ సున్నపురాయి తవ్వి వదిలిన ఎడారిలో, 1971 నుంచి రెనే హాలర్ అనే ఆయన అడవిని లేపాడు. ముందు రకరకాల చెట్లు నాటి చూశాడు. నిలిచింది కొన్నే. వాటిలో ముఖ్యమైనది మన తీరంలో పెరిగే సరుగుడు. దాని వేళ్ళ మీది బొడిపెలు గాలిలో నత్రజనిని పట్టాయి. రాలిన ఆకుని రోకలిబండ పురుగులు తిని మట్టి చేశాయి. ఇప్పుడది జంతువులున్న పార్కు. మన నల్లరాతి మీద సరుగుడే నాటమని చెప్పడం లేదు. ఆయన ముందు పరీక్ష చేశాడు, ఆ పద్ధతి తీసుకో. మొదటి ఏడాదే పది సెంట్లలో కానుగ, వేప, నేరేడు, మేడి, సీతాఫలం, గ్లైరిసిడియా, మన కొండ గడ్డి వేసి చూడు. రెండు వేసవులు బతికినవి చెబుతాయి ఏవి నాటాలో. జామాయిల్ ఒక్కటే వరసగా పాతి పచ్చదనం అని ఫొటో తీసి పంపడం నాకు నచ్చదు. దాని కింద గడ్డి సరిగా లేవదు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, గనులు తవ్వినవాళ్ళు తవ్విన నేలలో మళ్ళీ గడ్డి పెంచాలనీ, పశువులకి మేత, మొక్కలకీ జీవాలకీ పనికొచ్చేలా ఆ భూమిని తిరిగి ఇవ్వాలనీ అనుమతుల్లో షరతు పెట్టమంది. అంతకుముందు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో, అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకి కూడా పర్యావరణ అనుమతి కావాలని చెప్పింది. మీది నాలుగే కదా అని ఎవరైనా అంటే ఈ రెండూ చూపించు. ఆరు నెలలకోసారి షరతుల నివేదిక పంపాలి. ఆ నివేదికలో నీ పేరు ఉంటుంది. కాలువ పూడిక తియ్యకుండా తీశామని రాయమంటే రాయకు.

ఇంకో మాట. అంతా కప్పెయ్యాలని కూడా అనుకోకు. దేవరపల్లి మండలం గౌరీపట్నం క్వారీలకి వెళ్ళావా? అక్కడి నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. రెండు లావా పొరల మధ్య సముద్రపు జీవుల అవశేషాలున్న సున్నపు పొర ఉంది. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ళ నాటి కాలాన్ని అర్థం చేసుకోవడానికి రాజమండ్రి, గౌరీపట్నం క్వారీ గోడలని వెతుక్కుంటూ పైదేశాల శాస్త్రవేత్తలు కూడా వచ్చి చూశారు. క్వారీ తవ్వకపోతే ఆ పొర కనబడేది కాదు. నీ గొయ్యిలో అలాంటి గోడ బయటపడితే ఒక పది మీటర్లు కడిగించి, కంచె వేయించి, అలాగే వదులు. నిటారు గోడల పగుళ్ళలో గుడ్లగూబలు కూడా కాపురం పెడతాయి.

చివరి గొయ్యి చెరువైతే మంచిదే, తోటలకి నీళ్ళవుతాయి. వేసవిలో పామాయిల్ చెట్టుకి రోజుకి 200 లీటర్లు పెట్టాలి, ఎకరానికి 57 చెట్లు. గొయ్యిలో పడుతుందని నేను పైన చెప్పిన ఒక్క రోజు వాన, ఆవిరి మాట పక్కన పెడితే, అయిదెకరాల తోటకి డెబ్బై రోజులు సరిపోతుంది. బోర్లు ఏటికేడు లోతుకి పోతున్న మన మెట్టలో ఇది తక్కువ లెక్క కాదు. కానీ రెండు చూసుకో. కాలకుండా మిగిలిన బ్లాస్టింగు మందులోంచి నైట్రేటు నీటిలో కరుగుతుంది. పైరుకి ఫరవాలేదు గానీ తాగునీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, కాబట్టి పరీక్ష చేయించకుండా పశువులకి, మనుషులకి ఇవ్వొద్దు. రెండోది ప్రాణాల సంగతి. వేసవి సెలవుల్లో వదిలేసిన క్వారీ గుంతలో ఈతకెళ్ళిన పిల్లలు మునిగిపోయారన్న వార్త చదవని ఏడాది లేదు. నిటారు గోడ, లోపల ఎక్కడా కాలు ఆనదు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. టిప్పర్లు దిగిన ర్యాంపుని చెడగొట్టకుండా ఉంచు. నీటి అంచున మోకాలి లోతులో రెండు మూడు మీటర్ల వెడల్పు అరుగు వదులు. మిగతా మూడు పక్కలా ముళ్ళ కంచె, దాని వెనక చెట్లు. ఈ అరుగుకి రాయి కొంత నష్టపోతావని యజమాని అంటాడు. ఇందులో మాత్రం ఒక్క అడుగు తగ్గకు.

నేను రాయి తియ్యడానికి వ్యతిరేకిని కాను, అపార్థం చేసుకోకు. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర గోదావరి ఆనకట్ట కట్టింది ధవళేశ్వరం కొండ రాయితోనే. కొండ నుంచి రాయి మోయడానికి పట్టాలు కూడా వేశారు. ఆ రాయి లేకపోతే మీ భీమవరం వరి చేలు లేవు. ఊళ్ళకి రోడ్లు కావాలి, ఇళ్ళు కావాలి, రాయి ఎక్కడో ఒకచోట తియ్యాల్సిందే. తీసేవాళ్ళలో నీలాంటిది ఉందని నాకు ధైర్యం.

యజమానికి ఖర్చు లెక్క అడిగేలోపే ఇవ్వు. చుట్టు కాలువ, కొలను, పై మట్టి విడిగా గీయడం, ఇవన్నీ మొదట్లో యంత్రం అక్కడే ఉన్నప్పుడు చేస్తే కొన్ని రోజుల పొక్లెయిన్ అద్దె. ముగిశాక చెయ్యాలంటే అదే మట్టిని రెండోసారి మోయాలి, కొన్నిసార్లు బయటినుంచి కొనాలి. టన్నుకి ఇంత అని ఒక చిన్న మొత్తం పునరుద్ధరణకి మొదటి లోడు నుంచే వేరే ఖాతాలో వేయించగలిగితే సగం యుద్ధం గెలిచినట్టే. కొండ కింద చెరువు ఆయకట్టు రైతులని కూడా ప్లాను ఖరారు చెయ్యకముందే పిలిచి మాట్లాడు. అలుగు నీరు ఎవరి బోదెలోకి పోవాలో వాళ్ళకి తెలిసినంత నీ పటానికి తెలియదు.

మృగశిర కార్తెకి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా ఒక ఆదివారం ఆటోలెవెల్, స్టాఫ్ తీసుకుని వచ్చెయ్. ఎండెక్కకముందే కొండెక్కి నీటి చీలిక నుంచి వాగు వరకు లెవెల్స్ తీసుకుందాం. నేను స్టాఫ్ పట్టుకుంటాను, నువ్వు రీడింగులు రాసుకో. తొలకరి పడిన రోజు మళ్ళీ రా, గొడుగు వేసుకుని అదే దారి నడుద్దాం. కాగితం మీద మనం గీసిన కాలువ ఎక్కడ తప్పిందో ఆ వానలో దిద్దుకుందువుగాని. తర్వాతే సంతకం పెట్టు.

అత్తయ్య ఆవకాయ జాడీ పక్కన పెట్టింది, వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

ఆశీస్సులతో,
మావయ్య